రంగా బాటా, సుందరయ్య బాటా: పల్లెకు ఏది మేలు?

అధికారంలో ఉన్నవాళ్ల విధానాన్ని తూకం వేయడం తేలిక. బడ్జెట్ ఉంటుంది, జీవో ఉంటుంది, కట్టిన కాలువో కట్టని కాలువో ఎదురుగా కనిపిస్తుంది. ఎదుటి బెంచీల్లో కూర్చున్నవాళ్లతోనే చిక్కు. వాళ్లు సభలో ఏం వాదించారు, దేనికి అడ్డం పడ్డారు, దేనికి జైలుకెళ్లారు అన్నవే మనకు మిగిలేది. అయినా అరవై ఏళ్లు గడిచాయి కాబట్టి రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యల విషయంలో ఇప్పుడు ధైర్యంగా లెక్క చూడొచ్చు.

ఈ ఇద్దర్నే ఎందుకు తీసుకున్నానంటే, ఇద్దరూ భూమి ఉన్న ఇళ్లలోనే పుట్టారు. రంగాది గుంటూరు జిల్లా నిడుబ్రోలు, 1900. సుందరయ్యది నెల్లూరు జిల్లా అలగానిపాడు, 1913. ఒకరు ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి మద్రాసులో అర్థశాస్త్రం పాఠాలు చెప్పి, తర్వాత సొంత ఊళ్లో రైతు కార్యకర్తల కోసం విద్యాలయం పెట్టారు. ఇంకొకరు కాలేజీ చదువు మధ్యలోనే వదిలేసి ఉద్యమంలోకి దూకి, సొంత ఊళ్లో కూలీల సంఘం కట్టారు, పేరు చివర ‘రెడ్డి’ తీసేశారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని తొలి కార్యదర్శి రంగా. ఆ సభలోనే కమ్యూనిస్టులూ పనిచేశారు. జమీందారీ పోవాలన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. జమీందారు పోయాక ఆ పొలం ఎవరిది అన్న దగ్గరే దారులు చీలాయి.

1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలకు వచ్చేసరికి రంగా కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌తో జట్టుకట్టి కమ్యూనిస్టులకు ఎదురు నిలబడింది. కమ్యూనిస్టులకు 31 శాతం దాకా ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 196లో 15. ఆ పదిహేనులో గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్యది ఒకటి. ఆ తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లో చేరిన రంగా, ఎన్నికలైన నాలుగేళ్లకే అందులో నుంచి బయటికొచ్చేశారు. ఆయన బయటికొచ్చిన కారణం దగ్గరే మొదలుపెడదాం.

ఉమ్మడి సేద్యం: ఇక్కడ రంగాదే గెలుపు

1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానం చేసింది. రైతులు తమ కమతాలను కలిపి ఉమ్మడిగా సాగు చేయాలి, యాజమాన్యం కాగితం మీద ఎవరిది వాళ్లకే ఉంటుంది, పంట మాత్రం వాటాల ప్రకారం పంచుకోవాలి. భూపరిమితి తేవాలి, ధాన్యం వ్యాపారంలోకి ప్రభుత్వం రావాలి. బలవంతం ఉండదని నెహ్రూ చెప్పారు. రంగాకు ఆ హామీ మీద నమ్మకం కుదరలేదు. ఆ ఏడాదే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. అప్పటికి నెహ్రూ హవా ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు, పాలక పక్షంలో సుఖంగా ఉన్న మనిషి అలా లేచి రావడం ఎంత పనో అర్థమవుతుంది.

రంగా వాదన సూటిగా ఉంటుంది. చిన్న రైతు తన చెక్కను తన పిల్లల్లా చూసుకుంటాడు. గట్టు తెగితే అర్ధరాత్రి లేచి వెళ్తాడు. ఆ పొలం అందరిదీ అనగానే ఆ గట్టు ఎవరిదీ కాకుండా పోతుంది. రుణానికీ, ఎరువుకీ, అమ్మకానికీ సహకార సంఘం కావాలి గానీ దున్నడానికి అక్కర్లేదు. ఉత్తరాదిన చరణ్ సింగ్ కూడా ఆ రోజుల్లో ఇదే పోరు పెట్టారు.

కమ్యూనిస్టులు నాగపూర్ తీర్మానాన్ని స్వాగతించారు. సుందరయ్య మాత్రం ముందు భూమి పంపకం జరగాలనే పట్టుదల మనిషి. అయినా ఆయన పార్టీ చూపు అప్పట్లో సోవియట్ సామూహిక క్షేత్రాల మీదా, చైనా కమ్యూన్ల మీదా ఉందన్నది దాచాల్సిన విషయం కాదు. ఆ కమ్యూన్లు మొదలైన 1958 తర్వాత మూడేళ్లలో చైనాలో కోట్ల మంది ఆకలితో పోయారు. 1978లో అన్‌హుయి రాష్ట్రంలో ఒక పల్లె రైతులు గుట్టుగా పొలాలు ఇంటింటికీ పంచుకుంటే, ఆ పద్ధతినే చైనా ప్రభుత్వం దేశమంతా తెచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఆ తీర్మానం అమలుకు రాకుండానే మూలపడింది. మూలపడటంలో రంగా చేసిన గొడవకూ వాటా ఉంది. ఈ పద్దులో నా మార్కులు నిస్సంకోచంగా ఆయనకే.

పరిమితి చట్టం: ఇద్దరూ సగం సగం

1961లో మన రాష్ట్రం తెచ్చిన భూపరిమితి చట్టం ఎంత విచిత్రమైనదో ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు. భూమి రకాన్ని బట్టి ఒక్కొక్కరు 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 324 ఎకరాలకు పరిమితి అని పేరు పెట్టడమే ఒక తమాషా. పైగా చట్టం వస్తోందని ముందే తెలుసు కాబట్టి బావమరుదుల పేరు మీద, పాలేళ్ల పేరు మీద, ఇంకా పుట్టని మనవళ్ల పేరు మీద కూడా రాయించేసుకున్నారని ఊళ్లలో చెప్పుకుంటారు. ఇది కంటితుడుపు చట్టమని సుందరయ్య పక్షం మొదట్నుంచీ అంటూనే ఉంది. చివరికి 1973లో ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. అదైనా 1975లో గానీ అమల్లోకి రాలేదు. ఆ లోపు జరగాల్సిన బదలాయింపులు జరిగిపోయాయి.

రంగా అటువైపు నుంచి చూశారు. పొలానికి పరిమితి పెట్టే సర్కారు పట్నంలో మేడలకూ మిల్లులకూ ఎందుకు పెట్టదని స్వతంత్ర పార్టీ నిలదీసేది. అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ పార్టీలో రాజాలూ, మాజీ సంస్థానాధీశులూ, పెద్ద పారిశ్రామికవేత్తల మనుషులూ వరసగా కూర్చుని ఉండగా, చిన్న రైతు తరఫున ఆ ప్రశ్న అడుగుతుంటే వినేవాళ్లకు కాస్త ఎబ్బెట్టుగానే ఉండేది. వెంకటగిరి జమీందారీ రైతుల కోసం ఒకప్పుడు పోరాడిన మనిషి రాజాలతో వేదిక పంచుకోవడం ఆయన అభిమానులకు కూడా మింగుడుపడి ఉండదు.

అయితే ఒక్క సంగతి ఆయన ఖాతాలో వేయాలి. 1964లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అప్పటిదాకా జమీందారీల వంటి వాటికే వర్తించిన ‘ఎస్టేట్’ నిర్వచనంలోకి రైత్వారీ పట్టా భూములు కూడా వచ్చేశాయి. అంటే మామూలు రైతు పొలం తీసుకున్నా పరిహారం చాలలేదని కోర్టుకు వెళ్లే వీలుండదు. స్వతంత్ర పార్టీ దీని మీద దేశమంతా రచ్చ చేసింది, లోక్‌సభలో ఆ పక్షానికి నాయకుడు రంగాయే. సవరణ ఆగలేదు గానీ, చివరి రూపంలో ఒక షరతు చేరింది. పరిమితికి లోబడి రైతు స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. 31ఎ అధికరణంలో ఆ వాక్యం నేటికీ ఉంది. ఓట్ల లెక్కలో ఓడిన ప్రతిపక్షం గొడవ పెట్టి ఏం సాధించగలదో చూడాలంటే ఆ ఒక్క వాక్యం చాలు.

అంటే పట్టా ఉన్నవాడి పొలం లాక్కోకుండా రంగా కాపు కాశారు. పరిమితి దాటి మిగిలిన భూమి ఎక్కడ దాక్కుందో సుందరయ్య పక్షం వేలెత్తి చూపింది. రెండూ కావాల్సినవే. మొదటిది చట్టంలోకి ఎక్కింది, రెండోది సర్వే నంబర్ల మధ్య ఇరుక్కుపోయింది.

ధర, కూలి

ఈ తగువు పుస్తకాల్లో కంటే ఊడ్పుల సీజన్‌లో బాగా అర్థమవుతుంది. పొలం గల ఆసామి ‘గిట్టుబాటు లేదు, కూలి రేట్లు ఆకాశంలో ఉన్నాయి’ అంటాడు. కూలికి వెళ్లే మనిషి ‘బియ్యం రేటు చూశావా, ఈ కూలి ఏ మూలకు’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రంగా జీవితమంతా మొదటి గొంతు వినిపించారు, సుందరయ్య రెండోది.

ధాన్యానికి జోన్లు పెట్టి పక్క రాష్ట్రానికి అమ్ముకోనివ్వకుండా చేసిన రోజుల్లో, లెవీ పేరుతో బయటి ధర కంటే తక్కువకు తీసుకున్న రోజుల్లో, పట్నం కడుపు నింపడానికి రైతును ఎండగడుతున్నారని అడిగే గొంతు పార్లమెంటులో ఉండటం అవసరం. 1965లో వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహార సంస్థ వచ్చాయి. మద్దతు ధర అన్న మాట రాజకీయంలో భాగమైపోయింది. ఇప్పుడు ఏ పార్టీ మ్యానిఫెస్టో తెరిచినా రైతు పేజీలో రంగా భాషే కనిపిస్తుంది. ఆ మేరకు ఆయన గెలిచారు.

కానీ రంగా లెక్కలో రైతు అంటే పొలం ఉన్న కుటుంబం మొత్తం ఒక్కటే. ఆ పొలంలో నాట్లు వేసే మనిషి కూడా రైతు బాగుంటే తానూ బాగుంటుందనేది ఆయన నమ్మకం. డెల్టాలో ధాన్యానికి మంచి ధర పలికిన ఏళ్లు లేకపోలేదు. ఆ ఏళ్లలో కూలి దానంతట అది పెరిగిందా అంటే, సంఘం ఉన్న ఊళ్లో పెరిగింది, లేని ఊళ్లో ఆసామి దయ. సుందరయ్య కూలీల సంఘం కట్టింది ఇందుకే. అలగానిపాడులో ఆయన మొదలుపెట్టిన పని కూలి దగ్గరే ఆగలేదు, బావి నీళ్ల దాకా, కలిసి భోంచేయడం దాకా వెళ్లింది. రంగా రాజకీయంలో కులం ఇంత దగ్గరగా కనిపించదు. గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు కూలీలు దొరకడం లేదని గోల పెట్టిన ఆసాముల్లో, అదే నోటితో మద్దతు ధర పెంచమన్నవాళ్లు ఎంత మందో. ధరకు ప్రభుత్వ పూచీ న్యాయమైతే కూలికి పూచీ అన్యాయం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు రంగా బాటలో నాకు జవాబు దొరకలేదు.

కౌలుదారు దగ్గర తేడా తేలిపోతుంది

నా దృష్టిలో అసలు తూకం ఇక్కడే. రంగా కోరిన ‘తన పొలం తాను దున్నుకునే రైతు’ ఇప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల్లో తగ్గిపోతున్నాడు. పొలం పేరు మీద ఉన్నాయన హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటాడు. దున్నేది కౌలుదారు. కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటారు, లేదంటే మక్తా ముందే కట్టించుకుంటారు. కాగితం ఉండదు, నోటిమాటే. తుపాను వచ్చి చేను పడిపోతే నష్టం ఈయనది, పరిహారం పడేది చాలాసార్లు పాసుపుస్తకం ఉన్నాయన ఖాతాలో. మంచి మనసున్న యజమాని అయితే ఫోన్‌పేలో తిరిగి పంపిస్తాడు. లేకపోతే మరుసటి ఏడు కౌలు పోతుందన్న టెన్షన్‌తో ఈయన నోరెత్తడు.

చట్టాలు లేక కాదు. హైదరాబాద్ రాష్ట్రంలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది, వెనక సాయుధ పోరాటం ఉంది కాబట్టి ఆ చట్టానికి పళ్లున్నాయి. ఆ పోరాట నాయకుల్లో సుందరయ్య ఒకరు. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వేరే చట్టం వచ్చింది. కాగితం మీద బాగానే ఉంటుంది. కౌలు పత్రం రాస్తే పొలం పోతుందని యజమానులకు భయం పట్టుకుని, రాయడమే మానేశారు. 2011లో రుణ అర్హత కార్డులంటూ ఇంకో చట్టం తెచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం, అప్పుడు కార్డు. ఆ సంతకం దగ్గరే బండి ఆగింది. సంతకం అడగడానికి వెళ్లిన కౌలుదారుకు వచ్చే జవాబు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే: ‘ఇష్టమైతే చెయ్యి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చుకుంటాం.’

తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు, తర్వాత 5,000. పాసుపుస్తకమే ప్రమాణం. బీడు పెట్టిన భూమికీ పడింది, రియల్ ఎస్టేట్ ప్లాట్లుగా మారబోతున్న భూమికీ పడింది. ఆ పొలం దున్నిన కౌలుదారుకు పడలేదు. ఇది రంగా ఆలోచన చివరిదాకా నడిస్తే ఎక్కడికి చేరుతుందో చూపిస్తుంది. ఆయన ఇలా జరగాలని కోరుకున్నారని అనడం అన్యాయం, ఆయన కోరుకున్న రైతు చేలో ఉండేవాడే. కానీ పట్టాకూ చెమటకూ మధ్య ఎడం వస్తే ప్రభుత్వం ఎటు నిలబడాలన్న ప్రశ్నకు ఆయన విధానంలో చోటు లేదు. ఆ రెండూ ఒకే మనిషివి అని ఆయన అనుకున్నారు. సుందరయ్య అలా అనుకోలేదు. దున్నేవాడు ఎవరో ముందు రాయండి, తర్వాత మిగతా మాట అన్నదే ఆయన పక్షం వాదన సారం. సామూహిక సేద్యం అనే పరిష్కారం చెడిపోయింది గానీ, ఆయన పట్టుకున్న సమస్య అలాగే ఉంది, అప్పటికంటే పెద్దదైంది.

2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం భూమి లేని కూలి కుటుంబాలకు ఏటా 12,000 రూపాయల పథకం మొదలుపెట్టింది. అమలు సంగతి అలా ఉంచితే, భూమి లేనివాళ్ల పేరుతో ఒక పద్దు రావడమే సుందరయ్య వాదనకు ఆలస్యంగా వచ్చిన అంగీకారం.

ఢిల్లీలో ఒక మాట, విశాఖలో ఒక మాట

జాతీయ విధానంలో రంగా, రాజాజీల పార్టీ లైసెన్సు, పర్మిట్, కోటా రాజ్యానికి బద్ధ శత్రువు. పరిశ్రమలు ప్రభుత్వం నడపకూడదన్నది దాని ప్రాణం. 1966లో విశాఖకు ఉక్కు కర్మాగారం కావాలని రాష్ట్రం భగ్గుమంది. తెన్నేటి విశ్వనాథం ముందు నడిచారు, విశాఖలో కాల్పులు జరిగాయి, ప్రతిపక్ష శాసనసభ్యులు రాజీనామాలు చేశారు. కమ్యూనిస్టులు ఆ ఉద్యమంలో ఉన్నారు, అది సహజం. స్వతంత్ర పార్టీ వాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ రంగం వద్దన్న పార్టీ ప్రభుత్వ రంగ కర్మాగారం మన ఊరికి ఇమ్మని అడగడం చూస్తే, స్థానిక నాయకుడికి సిద్ధాంతం కంటే ఊరే బరువని తెలుస్తుంది. దీన్ని నేను తప్పుపట్టను. కానీ 2021లో ఆ కర్మాగారాన్ని అమ్మేస్తామని కేంద్రం ప్రకటించినప్పుడు, ఢిల్లీలో సై అని విశాఖలో నై అన్న మన ఇప్పటి నాయకులు ఈ సంప్రదాయానికి వారసులే మరి.

సుందరయ్యకు ఈ ఇబ్బంది లేదు. 1946లోనే విశాలాంధ్ర గురించి రాస్తూ భూమి, నీళ్లు, పరిశ్రమలు ఎలా ఉండాలో ఒక నమూనా గీశారు. కృష్ణా, గోదావరి నీళ్లు కరువు ప్రాంతాలకు ఎలా చేర్చాలన్నది ఆయన జీవితాంతం కట్టుకు తిరిగిన మూట. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారన్న కథ అందరికీ తెలుసు, నిజానికి ఆ కథ ఆయన చేసిన హోంవర్క్‌ను మింగేసింది. రాష్ట్రాన్ని విడగొట్టాలన్న రెండు ఉద్యమాల్లోనూ, 1969లోనూ 1972లోనూ, ఆయన పార్టీ సమైక్య రాష్ట్రం వైపు నిలిచింది. తెలంగాణ వాళ్లు ఈ విషయంలో ఆయనకు మార్కులు వేయరు, వేయాలని అడగను కూడా.

విదేశాంగం సంగతి క్లుప్తంగా చెబితే చాలు. చైనా విషయంలో రంగా పక్షం ముందే అనుమానపడింది, నిజమైంది. సుందరయ్య పక్షం కళ్లు మూసుకుంది, 1962 యుద్ధంలో ఆయనా జైలుకెళ్లారు. అమెరికాను నమ్మడంలో స్వతంత్ర పార్టీ చూపిన తొందర మాత్రం మెచ్చుకోదగ్గది కాదు.

నిలకడ విషయంలో చాలామంది రంగాను తీసిపారేస్తారు. కాంగ్రెస్, కృషికార్ లోక్, మళ్లీ కాంగ్రెస్, స్వతంత్ర, మళ్లీ కాంగ్రెస్. నాకు అది అంత పెద్ద నేరంగా అనిపించదు, జెండా మారినా రైతు పాట మారలేదు. ఎమర్జెన్సీలో పాలక పక్షం పంచన ఉండటం మాత్రం లైసెన్సు రాజ్యం మీద కత్తికట్టిన మనిషికి తగిన పని కాదు. అదే కాలంలో సుందరయ్య జనసంఘంతో కలిసి నడవడం ఇష్టం లేక తన పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చారు. ఆయన అభ్యంతరంతో మనం ఏకీభవించకపోయినా, పదవి వదిలి మాట నిలబెట్టుకోవడం ఎప్పుడూ చూసే సంగతి కాదు.

ఇక ఏది మేలు? 1959లో నన్ను అడిగి ఉంటే రంగా వైపే మొగ్గేవాణ్ణి. ఆనాటి ప్రమాదం చిన్న రైతు పొలం పోవడం. ఇవాళ ఆ ప్రమాదం రాజధానులూ, విమానాశ్రయాలూ కట్టే చోట ఇంకా ఉంది, అక్కడ ఇప్పటికీ ఆయన మాటే పనికొస్తుంది. మిగతా పల్లెల్లో ప్రమాదం దున్నేవాడి పేరు ఏ రికార్డులోనూ లేకపోవడం. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి తెచ్చినప్పుడు, పొలం ఎవరి సాగులో ఉందో రాసే అనుభవదారు గడిని పహాణీలో తీసేసినందుకు ఎందరు ఇబ్బంది పడ్డారో అందరం చూశాం. కాబట్టి నా ఓటు సుందరయ్యకు, ఉమ్మడి సేద్యం పేజీ చింపేసి మరీ. యజమాని హక్కు పోదని చట్టంలోనే గట్టిగా రాసి, సంతకంతో పని లేకుండా సాగుదారు పేరు ఈ-క్రాప్ పంట నమోదులో ఎక్కించాలి. పంట నష్టం డబ్బూ, ధాన్యం అమ్మిన డబ్బూ ఆ పేరు మీదే పడాలి. మొదటి సగం రంగా అడిగేది, రెండో సగం సుందరయ్య అడిగేది. రెండు సగాలూ కలిపి ఒక బిల్లుగా పెట్టే ప్రతిపక్షం రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా కనపడటం లేదు.